మొదటి క్లాసులోనే ఒక కాగితం ఇవ్వండి

కాలేజీ అధ్యాపకులకు, విద్యార్థులకు, తల్లిదండ్రులకు, యూనివర్సిటీ పాలకులకు విజ్ఞప్తి

సెమిస్టర్ చివరి రెండు వారాల్లో మన ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో ఏ స్టాఫ్‌రూమ్ దగ్గరికైనా వెళ్లి చూడండి. రికార్డులు, మెడికల్ సర్టిఫికెట్లు చేత్తో పట్టుకుని పిల్లలు గుమ్మం బయట నిలబడి ఉంటారు. అడిగేవి ఏటా అవే. అటెండెన్స్ తగ్గింది, కాస్త చూడండి సార్. మిడ్ రాయలేకపోయాను, మళ్లీ పెట్టండి మేడమ్. రికార్డు సోమవారం ఇస్తాను. ఇంటర్నల్స్‌లో రెండు మార్కులు కలపండి. అమెరికాకు అప్లై చేస్తున్నాను, రికమండేషన్ లెటర్ కావాలి.

ప్రశ్నలు పాతవే అయినా జవాబు మాత్రం ప్రతిసారీ అప్పటికప్పుడు పుడుతోంది. అయ్యవారు ఆ పూట ఎలా ఉన్నారు, అడిగినవాడికి ఎంత నోరుంది, వెనక ఎవరు ఫోన్ చేశారు అన్నదాన్ని బట్టి పుడుతోంది. ఇది మారాలి. పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ ఈ అభ్యర్థనలన్నిటికీ తమ జవాబులను ఒక కాగితం మీద రాసి, సెమిస్టర్ మొదటి క్లాసులోనే అందరికీ ఇవ్వాలి. యూనివర్సిటీలు దాన్ని తప్పనిసరి చేయాలి. అధ్యాపకులమైన మేం కోరేది ఇంతే.

నియమాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం సెమిస్టర్ పరీక్ష రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ (హాజరు మినహాయింపు) తెచ్చుకోవచ్చు. 65 లోపుంటే డిటెన్షనే. అంతవరకు స్పష్టంగానే ఉంది. కానీ ఆ శాతం తయారయ్యేది క్లాసులో, మా చేతుల్లో. పల్లె నుంచి ఆర్టీసీ పాస్ మీద వచ్చే కుర్రాడు బస్సు ఆలస్యమై పది నిమిషాలు లేటుగా గుమ్మంలో నిలబడితే ఒకరు ప్రెజెంట్ వేస్తారు, ఒకరు ఆబ్సెంట్ వేసి కూర్చోమంటారు, ఇంకొకరు తలుపే తియ్యరు. ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్లిన రోజుల హాజరు ఒక సబ్జెక్టులో కలుస్తుంది, పక్క సబ్జెక్టులో కలవదు. వీటిలో ఏదీ ఎక్కడా రాసి ఉండదు.

ఇంటర్నల్ మార్కుల సంగతి ఇంకా పెద్దది. అదే యూనివర్సిటీలో ఆర్18 నిబంధనల్లో ఇంటర్నల్స్‌కు 25 మార్కులు, చివరి పరీక్షకు 75. ఆర్22 వచ్చాక అవి 40, 60 అయ్యాయి. అంటే కాలేజీ లోపల మేం వేసే మార్కుల బరువు పెరిగింది. బరువు పెరిగినప్పుడు ఎలా వేస్తామో ముందే చెప్పాల్సిన బాధ్యతా పెరగాలి. అది మాత్రం పెరగలేదు.

రాయని నియమం అందరికీ ఒకేలా పనిచేయదు. అడిగేవాళ్లకే పనిచేస్తుంది. మేం చూసిన ఒక కాలేజీలో ఒకే మిడ్‌ పరీక్షకు ఇద్దరు రాలేదు. అబ్బాయి ఇంట్లో పెళ్లి. వాళ్ల బాబాయి డిపార్ట్‌మెంటు హెడ్‌కి (హెచ్‌ఓడీకి) ఫోన్ చేశాడు, మూడు రోజుల తర్వాత హెచ్‌ఓడీ గదిలోనే వేరే పేపరిచ్చి రాయించారు. అమ్మాయి వాళ్లమ్మకు సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్. ఆ వారమంతా మంచం పక్కనే ఉంది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక మిడ్‌లో సున్నా, రెండో మిడ్‌లో మంచి మార్కులు, సగటు తీస్తే ఇంటర్నల్స్ సగానికి పడిపోయాయి. ఆ సంగతి బయటపడ్డాక ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "అడగొచ్చని నాకు తెలీదు సార్" అంది.

ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. లెక్చరరు ఇంటికి వెళ్లి మాట్లాడవచ్చని, ఫోన్ చేయించవచ్చని, ఏడిస్తే కరుగుతారని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నియమం అంటే నియమమేననుకుంది. మన దగ్గర కాదనిపించుకున్నవాడికన్నా అసలు అడగనివాళ్లకే ఎక్కువ నష్టం జరుగుతోంది. అడగనివాళ్లు ఎవరో కూడా మనకు తెలుసు: పల్లె నుంచి వచ్చినవాళ్లు, తెలుగు మీడియంలో చదివినవాళ్లు, ఇంగ్లిషులో అర్జీ రాయడానికి జంకేవాళ్లు, మగ లెక్చరరు గదిలోకి ఒంటరిగా వెళ్లడానికి వెనకాడే ఆడపిల్లలు. ముందే రాసిచ్చిన కాగితం వీళ్లకు అడిగే పనే లేకుండా చేస్తుంది.

ఆ కాగితంలో ఏముండాలో మా ఆలోచన చెబుతాం.

ముందు మెడికల్ సర్టిఫికెట్‌కున్న పెత్తనం తగ్గాలి. డబ్బిస్తే సర్టిఫికెట్ రాసిచ్చే క్లినిక్కులు ఉన్నాయని మాకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. నిజంగా జ్వరమొచ్చి హాస్టల్ గదిలో పారాసిటమాల్ వేసుకుని పడుకున్నవాడి దగ్గర కాగితం ఉండదు. సినిమాకు వెళ్లినవాడి దగ్గర స్టాంపుతో సహా ఉంటుంది. కాబట్టి చిన్న వాటికి కారణమే అడగొద్దు. క్లాసు టెస్టులు, అసైన్‌మెంట్లు నాలుగు పెడితే మంచివి మూడే లెక్కలోకి తీసుకుంటామని రాయండి. ఒకటి పోతే పోయినట్టే, ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. మిడ్‌కు యూనివర్సిటీ ఏ ప్రత్యామ్నాయం ఇస్తోందో అది తేదీతో సహా రాయండి. రికార్డు ఆలస్యమైతే రోజుకు ఎన్ని మార్కులు తగ్గుతాయో, ఏ రోజు తర్వాత తీసుకోరో రాయండి. ఆ తేదీ వార్డు మెంబరు కొడుక్కీ, వాచ్‌మన్ కూతురికీ ఒకటే కావాలి. కామెర్లు, యాక్సిడెంటు, ఇంట్లో చావు లాంటి పెద్ద కష్టాలను ఒక్క లెక్చరరు కాకుండా డిపార్ట్‌మెంటులో ముగ్గురు కూర్చుని తేల్చాలి. తేల్చింది పుస్తకంలో రాయాలి.

కొన్ని అసలు అభ్యర్థనలే కావు, హక్కులు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం, అర్హులైన విద్యార్థులకు రాసిపెట్టే మనిషిని ఇవ్వాలి, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. ప్రసూతి సెలవు విషయంలో విద్యార్థినులకు హాజరు సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోమని యూజీసీ 2021 డిసెంబరులోనే యూనివర్సిటీలకు రాసింది. దిద్దిన జవాబుపత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. వీటికోసం చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం ఏ పిల్లకూ, ఏ పిల్లాడికీ లేదు. ఆ మాట మొదటి రోజే మన నోటి నుంచి వాళ్లకు తెలియాలి.

మార్కులు కలపమనే వాళ్లకు ఒకటే జవాబు ఉండాలి. మిడ్ పేపర్లు దిద్దిన వారంలోగా క్లాసులో అందరికీ చూపిస్తాం. కూడికలో తప్పున్నా, ఒక జవాబు దిద్దకుండా వదిలేసినా సరిచేస్తాం. అది దాటి అడిగితే కలపం. ఒకరికి కలిపితే అంతే మార్కులు వచ్చిన అందరికీ కలుపుతాం. ఈ చివరి వాక్యం రాసిపెట్టుకున్నాక ఎవరి బాబాయి ఫోన్ చేసినా మనకు ఇబ్బంది ఉండదు.

రికమండేషన్ లెటర్ల దగ్గర జరుగుతున్నది చెప్పుకోడానికే బాధగా ఉంది. ఫాల్ అడ్మిషన్లకు చాలాచోట్ల గడువులు డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి. నవంబరు నుంచి పిల్లలు కన్సల్టెన్సీ రాసిచ్చిన లెటర్ పట్టుకొస్తారు. మేం చదవకుండానే కాలేజీ లెటర్‌హెడ్ మీద సంతకం పెడతాం. పది మంది లెటర్లలో అవే వాక్యాలు. విదేశీ యూనివర్సిటీ లింకు మా మెయిల్‌కు వచ్చే పద్ధతిలోనైతే కొందరు లెక్చరర్లు పాస్‌వర్డే పిల్లాడికి చెప్పేస్తున్నారు. అప్లికేషన్‌లో ఆ లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నానని టిక్కు పెట్టిన పిల్లాడే దాన్ని రాసుకుంటున్నాడు. ఇది తెలిసి చేసే మోసం. పట్టుబడితే పోయేది ఆ ఒక్కడి సీటే కాదు, మన కాలేజీ పేరు మీద వెళ్లే ప్రతి లెటర్ విలువా పోతుంది. కాగితంలో ఇలా రాయండి: నా దగ్గర ల్యాబో, ప్రాజెక్టో చేసినవాళ్లకే రాస్తాను, గడువుకు మూడు వారాల ముందు అడగాలి, మార్కుల జాబితా, చేసిన పని గురించి ఒక పేజీ ఇవ్వాలి, లెటర్ నేనే రాస్తాను, రాయలేనని నాకు అనిపిస్తే అడిగిన రెండు రోజుల్లో చెప్పేస్తాను. ఆ చివరిది దయే. జనవరి దాకా తిప్పించుకోవడం కన్నా ముందే కాదనడం పిల్లలకు మేలు.

దీనికి అభ్యంతరాలు విన్నాం. అన్నీ రాసిపెట్టేస్తే మానవత్వానికి చోటేదీ అని పెద్దవాళ్లు అడుగుతారు. నాలుగులో ఒకటి వదిలేయడం మానవత్వమే, అది అందరికీ అందే మానవత్వం. పెద్ద కష్టానికి ముగ్గురు కూర్చునే చోటు ఉండనే ఉంది. మనం వదులుకోవాల్సింది మనకు నచ్చినవాళ్లకు మాత్రమే చూపించే దయను.

ఇంకో మాట కాంట్రాక్టు లెక్చరర్లు, ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు వినాలి. పాస్ శాతం తగ్గకూడదని మేనేజ్‌మెంటు, మా వాడిని చూడండని డైరెక్టరు బంధువు, యూనియన్ పేరుతో సీనియర్లు మీ మీదే ఒత్తిడి పెడతారు. అప్పుడు "నేను ఒప్పుకోను" అని ఒంటరిగా అనడం కష్టం. "మొదటి రోజే అందరికీ ఇచ్చిన కాగితంలో ఇలా ఉంది, హెచ్‌ఓడీ గారు సంతకం పెట్టారు" అనడం సులువు. ఉద్యోగ భద్రత లేనివాళ్లకే ఈ కాగితం ఎక్కువ అవసరం.

అధ్యాపకులు వచ్చే సెమిస్టర్ మొదలవక ముందే ఒక్క పేజీ రాసి హెచ్‌ఓడీ సంతకం తీసుకోండి. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఇవ్వండి, నోటీసు బోర్డు మీదా పెట్టండి. ఎలాగూ కోర్సు ఫైలు తయారు చేస్తున్నాం, సిలబస్, లెసన్ ప్లాన్ పక్కన ఇదీ చేరుతుంది. సెమిస్టర్ మధ్యలో మార్చాల్సి వస్తే పిల్లలకు మేలు చేసే వైపే మార్చండి. తల్లిదండ్రులు ఫోన్లు చేయించడం మానండి. మీరు చేయించిన ప్రతి ఫోనూ, ఫోన్ చేయించలేని ఇంకో ఇంటి బిడ్డను వెనక్కి నెడుతోంది.

అకడమిక్ కౌన్సిల్ సభ్యులు వచ్చే సమావేశంలో దీన్ని ఎజెండాలో పెట్టండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఏ నియమం తప్పారో చూపించడానికి రాసిన కాగితమే లేకపోతే ఆ కమిటీ ముందు విద్యార్థి ఏం చూపిస్తాడు?

విద్యార్థులారా, ప్రతి సెక్షన్‌లో క్లాసు ప్రతినిధి (సీఆర్) మొదటి క్లాసులో లేచి నిలబడి మర్యాదగా అడగాలి: "సార్, హాజరు, మిడ్, రికార్డు, మార్కులు, లెటర్ల గురించి మీ నియమాలు రాసిస్తారా?" ఇవ్వకపోతే వారం తర్వాత సెక్షన్ మొత్తం సంతకాలతో హెచ్‌ఓడీకి అర్జీ పెట్టండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి.