ఊపు తగ్గిందా?

రిమోట్‌ని గాల్లో ఊపితే చాలు, తెరమీద టెన్నిస్‌ బంతి దూసుకెళ్లేది. 2006లో నింటెండో తెచ్చిన 'వీ' మహిమ అది. పదికోట్లకు పైగా అమ్ముడైంది. 2010లో వచ్చిన మైక్రోసాఫ్ట్‌ 'కినెక్ట్‌'కి రిమోట్‌ కూడా అక్కర్లేదు, కెమెరానే కదలికల్ని పసిగట్టేది. తొలి అరవై రోజుల్లో 80 లక్షలు అమ్ముడైనా, 2017లో తయారీ ఆగిపోయింది.

మరి ఇదంతా మూన్నాళ్ల ముచ్చటేనా? పూర్తిగా కాదు. కదలికల్ని గుర్తించే సెన్సర్లు ఇప్పుడు సెల్‌ఫోన్లలో, వీఆర్‌ కళ్లద్దాల్లో ఉన్నాయి. తగ్గింది గదిలో ఒంటరిగా గంతులేసే మోజే.

పెదబయలు కొండల్లో థింసా చూడండి. డప్పు మోగితే చేయీ చేయీ కలిపి వరసగా అడుగులేస్తారు. పాయింట్లుండవు, పక్కన మనుషులుంటారు. పిల్లలు కదలాలంటే కొత్త పెట్టె కన్నా ఆటలో తోడే ముఖ్యం.