టీడీఎస్ అంకెయు మంచినీరును

నీటిలో కరగియున్న లవణముల మొత్తము ఎంత తగ్గిన అంత మేలనియు, జేబులో ఇమిడెడి మీటరుపై టీడీఎస్ అంకె యాభైకి దిగిన నీరు అమృతతుల్యమనియు, మూడువందలు దాటినది విషప్రాయమనియు నేడు పట్టణములలోనే గాక పల్లెలలో సైతము పాతుకొనిన నమ్మకమును నేను సంపూర్ణముగా నిరాకరించుచున్నాను. అది తెలియమిచేత పుట్టినదే యైనచో ఊరకుండవచ్చును. కాని శుద్ధియంత్రములను అమ్మువారు తల్లుల భయమును ఆసరాగా గొని దానిని పెంచి పోషించుచున్నారు.

వారు ఇంటింట చేసి చూపెడి పరీక్షను గమనింపుడు. ఒక గ్లాసులో కుళాయినీటిని, మరియొకదానిలో తమ యంత్రపు నీటిని పోసి, రెంటను లోహపు కడ్డీలు ముంచి విద్యుత్తును ప్రసరింపజేయుదురు. కొంతసేపటికి కుళాయినీరు పసుపువన్నెకు తిరిగి, పిదప గోధుమవర్ణమై, పైన తెట్టెకట్టి అడుగున మడ్డి దిగును. రెండవది తేటగానే యుండును. ఇంతకాలము పిల్లలకు ఈ మురికినా త్రాగించితిమని ఇల్లాలు బెదరిపోవును. ఆ మడ్డి యంతయు కడ్డీలోని ఇనుము కరగి ఏర్పడిన తుప్పు. లవణములున్న నీట విద్యుత్తు పారును గావున ఇనుము కరగినది. లవణములు తీసివేసిన నీట అది పారదు గావున కడ్డీ చెక్కుచెదరలేదు. ఆ తేటనీటిలోనే చిటికెడు వంటయుప్పు వేసి మరల చేయుమనిన, అదియు అట్లే రంగుమారును.

మీటరు కొలుచునదియు ఆ విద్యుద్వాహకతనే. నీటనున్నది కాల్షియమో సోడియమో అది చెప్పజాలదు, లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటరాదనెడి ఆర్సెనిక్ దానికి ఆనదు. కలరా క్రిములు అసలే ఆనవు. భారతీయ ప్రమాణము మొత్తము లవణములను 500 మిల్లీగ్రాముల వరకును, వేరు జలాధారము లేనిచోట 2000 వరకును అంగీకరించుచుండగా, ఫ్లోరైడునకు మాత్రము ఒక మిల్లీగ్రామును, గత్యంతరము లేనిచో ఒకటిన్నరను హద్దుగా విధించినది. వందల నడుమ ఈ ఒకటిరెండు మిల్లీగ్రాములను ఏ అంకె పట్టియియ్యగలదు?

మన దేశమున ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లో వెల్లడించినది నాటి నెల్లూరు జిల్లానుండియే. పళ్ళు గారపట్టి, కీళ్ళు బిగిసి, వెన్ను వంగిపోవు ఆ వ్యాధిని నల్లగొండ పల్లెలు తరతరములుగా అనుభవించినవి. ఆ సీమల రాతి పొరలలోని ఫ్లోరైడు నీట దిగినప్పుడు, కాల్షియము సమృద్ధిగా నున్నచో దానితో కలిసి చాలవరకు అడుగున పేరుకొనును. కాల్షియము కొరవడి సోడియము హెచ్చిన నీటిలోననో, అది కరగియే యుండును. అనగా సబ్బు చక్కగా నురగకట్టి, పప్పు ఇట్టే ఉడికి, నాలుకకు ఏ దోషమును తోపని నీరే ఒక్కొకచోట ఎముకలను చెరచునదై యుండవచ్చును. పాత్రలకు తెల్లని పొలుసు కట్టెడి కఠినజలమును, వంటకు చికాకైనను, జనులు నిందించినంతగా నిందింప బనిలేదు.

వారమ్మెడి ఆర్.ఓ. శుద్ధియంత్రము ఫ్లోరైడును తీయునుగదా యందురేని, అవును, తీయును. అట్టిచోటను, సముద్రపు ఉప్పు చొచ్చిన తీరగ్రామములలోను దానిని నేను కాదనను. సున్నమును పటికను వాడి ఫ్లోరైడును తొలగించెడి నల్లగొండ పద్ధతియు మనకున్నది. కాని గోదావరి నీరు కుళాయిలలో పారెడి రాజమహేంద్రవరమున, ఒక బిందె నీటికై రెండుమూడు బిందెలు తూముపాలు చేయుట ఏమి న్యాయము? టీడీఎస్ 500కు లోబడిన నీటికి ఈ యంత్రములు కూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే పలికినది. ప్రతి పురపాలకసంఘమును, ప్రతి పంచాయతియు తమ నీటి తొట్టి గోడపై ఫ్లోరైడు ఎంత, నైట్రేటు ఎంత, కాఠిన్యము ఎంత, క్రిములు కలవా లేవా యని వేర్వేరుగా వ్రాయించి, ఋతువు మారినప్పుడెల్ల ఆ వ్రాతను మార్చవలెను.