దొంతన్‌పల్లిలో ఫామ్‌హౌస్ సరే, అంబులెన్సు సంగతేంటి?

మన సాఫ్ట్‌వేర్ జనానికో పిచ్చి పట్టుకుంది. ఇరవయ్యేళ్ళు అమెరికాలో చేసి, ముసలితనంలో దొంతన్‌పల్లి మామిడిచెట్ల కింద బతికేద్దామని! మా నాన్నకి నేనూ అలాగే ఓ ఇల్లు కొన్నాను, అందుకే ఈ గోల.

బ్రోచర్లో ఎయిర్‌పోర్టుకి ఎన్ని నిమిషాలో ఉంటుంది, ఎమర్జెన్సీ వార్డుకి ఎన్నో ఉండదు. పక్షవాతం వస్తే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే పడాలి. 108 సర్వీసు 2005 నుంచీ ఉంది, నిజమే. కానీ వీధి పేరు, ఇంటి నంబరు లేని వెంచర్లో అర్ధరాత్రి డ్రైవరుకి దారెవడు చెప్తాడు? 70 దాటినవాళ్ళకి 2024లో ఆయుష్మాన్ కార్డు ఇస్తామన్నారు, 5 లక్షల వైద్యం. బాగానే ఉంది. కార్డు బిల్లు కడుతుంది గానీ దూరం తగ్గించదు కదా!

రిజిస్ట్రేషన్‌కి ముందు ఓ రాత్రి ఆ గేటు నుంచి ఆస్పత్రి దాకా కారు నడిపి చూడండి. ఆ తర్వాతే అడ్వాన్సు.