కార్డు అడగండి, జాబితానూ కాపాడండి

ఓటరును ఫొటో కార్డు అడగడం పేదల్ని తరిమేయడమే అన్న వాదన నాకు మింగుడుపడదు. ఐరాల పోలింగ్ కేంద్రాల్లో డ్యూటీ చేసిన పంతులుగా చెబుతున్నా. "ఓటు కార్డు యాడబెట్టినానో నాయనా" అంటూ అవ్వ సంచిలోంచి ఉపాధి హామీ జాబ్ కార్డు తీస్తుంది. అదీ చెల్లుతుంది. ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం కూడా చెల్లుతాయి. బ్రిటన్ 2023లో ఫొటో గుర్తింపు తప్పనిసరి చేస్తే పెద్ద రగడ జరిగింది. మనకు 1993లోనే అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ ఆ బాట వేశారు.

నా భయం వేరే. తిరుపతి లోక్‌సభ ఉపఎన్నిక, 2021 ఏప్రిల్ 17. దొంగ ఓట్లు వేయడానికి బస్సుల్లో బయటివాళ్లు దిగారని గగ్గోలు పుట్టింది. ఓటర్ల నమోదు అధికారి లాగిన్‌తో 30 వేలకు పైగా కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న ఆరోపణపై, అప్పటి అధికారిని 2024 జనవరిలో సస్పెండ్ చేశారు. అంటే దొంగ ఓటరు కూడా కార్డుతోనే రాగలడు! అప్పుడు బూత్‌లో కూర్చున్న పంతులు ఏం పట్టగలడు?

పట్టగలిగేది ఊరివాళ్లే. పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అనుమానమున్న ఓటరును సవాలు చేయవచ్చు. తన ఓటు ఎవరో వేసేశారని తెలిసినవాడు టెండర్డ్ ఓటు, అంటే విడి బ్యాలెట్‌పై ఓటు, అడగవచ్చు. ఈ హక్కులు మా మండలంలో ఎంతమందికి తెలుసు? ఊరివాళ్లు పట్టాలంటే ఓటరు జాబితాలో చేర్చిన పేర్లూ తీసేసిన పేర్లూ ప్రతి గ్రామ సచివాలయం గోడమీదా అంటించాలి, గ్రామసభలో పైకి చదవాలి. అధికారి లాగిన్ వాడిన ప్రతిసారీ ఎవరు, ఎందుకు వాడారో పార్టీలన్నిటికీ చూపాలి.