ఆయుధ దానానికీ లెక్క ఉండాలి

సైన్యం కొత్తవి కొనగానే పాత పిస్తోళ్లు గిడ్డంగుల పాలవుతాయి. వాటిని యుద్ధం ముంగిట ఉన్న దేశానికి దానం చేయడం తేలిక. రష్యా దండయాత్రకు పది రోజుల ముందు, 2022 ఫిబ్రవరిలో, ఉక్రెయిన్‌కు పిస్తోళ్లు, మెషిన్‌గన్లు, 15 లక్షల తూటాలు ఇస్తామని కెనడా ప్రకటించింది. దీన్ని మేము తప్పుపట్టం.

1991 నాటి ఐక్యరాజ్యసమితి ఆయుధ నిషేధం బోస్నియా ముస్లింల చేతులు కట్టేసింది. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో 8 వేల మందికి పైగా ఊచకోతకు గురయ్యారు. ఆత్మరక్షణ ఎవరికైనా హక్కే.

అయితే యుద్ధం ముగిసినంత మాత్రాన పిస్తోలు మూగబోదు. దొంగ బజారుకు చేరితే అది బలహీనుల గుమ్మంలోనే పేలుతుంది. కనుక ఇచ్చిన ప్రతి ఆయుధం నంబరూ నమోదు కావాలి. శాంతి కుదిరాక వాటిని తిరిగి సేకరించాలి. లెక్క చెప్పని దానం మరో అన్యాయానికి పెట్టుబడి.