మాదన్నపేట సమాధి ఫోటో: ప్రెస్ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ

భారత ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షులకు, సభ్యులకు,

2023 ఏప్రిల్ చివర్లో ఒక ఫోటో దేశమంతా తిరిగింది. ఆకుపచ్చ ఇనుప గ్రిల్, దానికి తాళం, లోపల సమాధి. పాకిస్తాన్‌లో ఆడపిల్లల శవాలను కూడా వదలడం లేదని, అందుకే తల్లిదండ్రులు సమాధులకు తాళాలు వేసుకుంటున్నారని దానితో కథనం. వార్తా ఏజెన్సీ ఏఎన్ఐ దాన్ని ఇచ్చింది. పేరున్న పత్రికల వెబ్‌సైట్లు, చానళ్లు ఎగబడి అందుకున్నాయి.

ఆ సమాధి ఉన్నది హైదరాబాద్‌లో. మాదన్నపేటలో, దారాబ్ జంగ్ కాలనీ ఖబరస్తాన్‌లో. అది ఒక వృద్ధురాలిది. పాత సమాధుల మీదే ఎవరినీ అడగకుండా మళ్లీ ఖననం చేసేస్తున్నారని, పైగా ఇది గేటుకు దగ్గర కావడంతో జనం తొక్కుకుంటూ పోతున్నారని ఇంటివాళ్లు గ్రిల్ పెట్టించుకున్నారు. ఈ సంగతి బయటపెట్టింది వార్తల నిజానిజాలు పరిశీలించే వెబ్‌సైట్ ఆల్ట్ న్యూస్. స్థానికుణ్ణి ఒకరిని అక్కడికి పంపారు, ఎదుటి మసీదు ముయెజ్జిన్‌ను అడిగించారు, అంతే. హైదరాబాద్‌లో విలేకరులకు కొదవా?

ఫోటో కేవలం పేజీ అందం కోసమని డెస్కులో కొందరంటారు. ఈ కథనంలోంచి ఆ ఫోటో తీసేసి చదవండి, ఆధారం లేని మాటే మిగులుతుంది. తాళం కళ్లకు కనబడింది కాబట్టే జనం నమ్మారు. తల్లి సమాధి తొక్కుడు పడకూడదనుకున్న కుటుంబం పెట్టించిన గ్రిల్, పొరుగుదేశం మీద అసహ్యానికి రుజువైపోయింది.

మీకు కోరలు లేవన్న మాట పాతదే. టీవీ చానళ్లు మీ పరిధిలోకి రావు, నిజమే. కానీ 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షన్ పత్రికలతో పాటు వార్తా ఏజెన్సీలను కూడా హెచ్చరించే, మందలించే, అభిశంసించే అధికారం మీకిచ్చింది. ఫిర్యాదు వచ్చేదాకా ఆగాలని కూడా అందులో లేదు. ఏజెన్సీ దగ్గరే తప్పు జరిగితే అది ఎన్ని పేజీలకు పాకుతుందో మీకు తెలియనిది కాదు. కాబట్టి మొదట అక్కడే పట్టుకోండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారో చెప్పలేని ఫోటోను ఏజెన్సీ పంపకూడదని చెప్పండి.

మూలన సన్న అక్షరాల్లో 'ప్రతీకాత్మక చిత్రం' అని వేసి చేతులు దులుపుకోవడం ఇంకొక అలవాటు. నేరాల వార్తల్లో, మతం ముడిపడిన వార్తల్లో అది పూర్తిగా ఆగాలి. అక్కడ ఫోటో దొరక్కపోతే ఫోటో లేకుండానే వేసుకోవచ్చు, కొంపలేం మునగవు.

తప్పు తెలిసిన వెంటనే తగిన ప్రాధాన్యంతో సవరణ వేయాలని మీ నియమావళిలోనే ఉంది. ఆ ప్రాధాన్యం ఎంతో ఎవరికి వారు తేల్చుకుంటున్నారు. తప్పుడు ఫోటో ఎక్కడ, ఎంత జాగాలో వచ్చిందో సవరణ కూడా అక్కడే, అంతే జాగాలో రావాలని నియమావళిలో రాయండి. రాసి, ప్రతి సంపాదకుడికీ పంపండి.

ఇట్లు,
ఒక పాఠకుడు