మాసిడోనియన్ అంటే ఎవరు?

మాసిడోనియన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది అలెగ్జాండరే. జీలం ఒడ్డున పురుషోత్తముడితో తలపడ్డ రాజు. కానీ ఆ మాటకి అదొక్కటే అర్థం కాదండీ. ఉత్తర గ్రీసులో థెస్సలొనీకి ఉన్న ప్రాంతం పేరూ మాసిడోనియానే, అక్కడి గ్రీకులూ మాసిడోనియన్లే. దానికి ఎగువన, 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయిన చిన్న దేశంలో స్లావిక్ భాష మాట్లాడేవాళ్ళు కూడా మాసిడోనియన్లు. వాళ్ళ భాష పేరూ మాసిడోనియనే. ఆ దేశంలో దాదాపు నాలుగో వంతు అల్బేనియన్లు. వాళ్ళు పౌరసత్వం ప్రకారం మాసిడోనియన్లు, జాతి ప్రకారం కారు.

ఒకే పేరున్న రెండు వేరియబుల్స్ వేరు వేరు ఫంక్షన్లలో ఉంటే కంపైలర్ కూడా కిక్కురుమనదు. గ్రీసు మాత్రం పాతికేళ్ళకి పైగా గొడవ చేసింది. 1993లో ఆ దేశం "మాజీ యుగోస్లావ్ మాసిడోనియా రిపబ్లిక్" అనే తోకతో ఐక్యరాజ్యసమితిలో చేరాల్సొచ్చింది. 1994, 95లలో గ్రీసు సరుకు రవాణా ఆపేసింది. 2008లో నాటో ఆహ్వానానికి అడ్డుపడింది. అది ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని 2011లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. అయినా ఏం లాభం? 2019లో "ఉత్తర మాసిడోనియా"గా పేరు మార్చుకున్నది చిన్నవాడే!

పేరు ఒకటైతే రేపు మా భూమి అడుగుతారని గ్రీసు భయం. మాకు అలాంటి ఉద్దేశం లేదని వాళ్ళు 1992లోనే రాజ్యాంగంలో రాసుకున్నారు. సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. దాన్ని "పడమటి హైదరాబాద్" అని మార్చమని మనం ఎప్పుడైనా అడిగామా?

స్కోపియే పాలకులూ తక్కువ తినలేదు. 2011లో ఊరి నడిబొడ్డున అలెగ్జాండర్‌ని తలపించే పెద్ద విగ్రహం నిలబెట్టి, గొడవకి ఆజ్యం పోశారు. స్లావులు ఆ ప్రాంతానికి వచ్చింది అలెగ్జాండర్ పోయిన ఎన్నో వందల ఏళ్ళకి. అతన్ని తాత అని చెప్పుకోకపోయినా ఆ పేరు మీద వాళ్ళకి హక్కుంది. తరతరాలుగా ఆ నేల మీద బతుకుతున్నారు, అది చాలు.

తమాషా ఏమిటంటే, 2018 ప్రెస్పా ఒప్పందంలోనే "మాసిడోనియన్" అనే మాటకి ఇద్దరి దగ్గరా వేరు వేరు అర్థాలున్నాయని ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టారు. మరి ఆ "ఉత్తర" ఎందుకండీ?

కథ అక్కడితో అయిపోలేదు. మీది బల్గేరియన్ భాషే అంటూ 2020లో బల్గేరియా వాళ్ళ యూరోపియన్ యూనియన్ చర్చలకి అడ్డం తిరిగింది. అమ్మ దగ్గర నేర్చుకున్న భాషకి పేరు పెట్టుకోడానికి కూడా పొరుగింటివాడి సంతకం కావాలా?